పుట్టిని తిరగనియ్యాలె

మా అవ్వ పోశవ్వది నోరు మంచిది కాదని ఊరంత అనేటోళ్ళు. అననీ. మూసీల పుట్టి నడిపెటామెకు తియ్యటి నోరెందుకు?

పుట్టంటే వెదురుతోని గుండ్రంగ అల్లి తోలు కప్పిన పడవ. వరదొస్తే అది కొట్టుకపోయి వంతెన కంభాలకు తగిలేది. అప్పుడు ఎవ్వరు చెయ్యి చాపొద్దు, కర్ర ఆనించొద్దు. పుట్టిని తిరగనిస్తే కంభం పక్కనుంచి జారిపోతది. నూకి ఆపాలని చూస్తే మునుగుతది. ఎక్కినోళ్ళందరికి అవ్వ గీ మాట తిట్టుకుంట చెప్పేది.

మా ఊరి దొరకు మాత్రం చెప్పలే. దొరతోని మాట్లాడాల్నంటే ముందుగాల "నీ బాంచెన్ దొరా" అని, అంటె నీ బానిసనని, వంగాలె. అడగంది చెప్పొద్దు.

పోలీసు యాక్షన్ నాడు పొద్దుగూకంగ, రజాకార్లను ఇంట్ల పెట్టుకొని మేపిన గా దొరే ఉరుక్కుంట వచ్చి పుట్టి ఎక్కిండు. వంతెన మీద ఇండియా మిలట్రీ ఉన్నది, ఆయనకు వేరే తొవ్వ లేదు. ఏటి నడుమ పుట్టి వరదకు అదుపు తప్పింది. కంభం మీదికొస్తాంది. దొర లేచి నిలవడి చేతికర్ర చాపిండు. పుట్టి ఒక దిక్కు ఒరిగి నీళ్ళు లోపలికొచ్చినయ్.

అవ్వ తెడ్డుతోని ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది. "కూసో!"

కర్ర నీళ్ళల్ల పడ్డది. దొర కూలబడ్డడు. పుట్టి గిర్రున తిరిగి, కంభాన్ని రాసుకుంట దాటింది.

ఒడ్డెక్కినంక దొర గుడ్లురిమిండు. "బాంచెన్ అనకుంట నన్ను కూసో అంటవానే?"

అవ్వ పుట్టిల నీళ్ళు తోడుకుంట తల గూడ ఎత్తలే.

"గా మాట అనేదాక కంభం ఆగుతదా?"