ఇల్లు చుట్టి వచ్చిన అయ్యవారమ్మ

మొన్న కోయంబత్తూరులో మా మునిమనవరాలిని బడిలో చేర్చినప్పుడు, పిల్లల్ని గేటు దగ్గరే ఆయాకు అప్పజెప్పి తల్లులంతా వెనక్కి తిరగాల్సి వచ్చింది. మా పిల్ల తల్లి ముచ్చటపడి తెచ్చిన చాక్లెట్ డబ్బాను కూడా ఆ ఆయాయే పుచ్చుకుని తలుపు వేసేసింది. పిల్ల ఏడవలేదు గాని, నాకే ఏదో వెలితిగా తోచి, ఇంటికి వస్తున్నంతసేపూ మా అవ్వ తన మారుతల్లి గురించి చెప్పిన ముచ్చట తలచుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను.

మా అవ్వ, అంటే నాయన తల్లి, పుట్టింది మదురై దగ్గరి తిరుమంగళం పక్కన మన తెలుగువాళ్ళ పల్లెలో. ఇది తెల్లదొరల కాలపు మాట, అవ్వ పక్కలో పడుకుని కథలు విన్న మన తరానికి తప్ప ఇప్పుడెవరికీ పట్టని మాట. ఊహ తెలిసీ తెలియని వయసులోనే తల్లి పోతే, ఏడాది తిరక్కుండా తండ్రి మదురై నుంచి రెండో భార్యను తెచ్చుకున్నాడు. ఆమె ఒక అయ్యవారి కూతురు. తండ్రి పిల్లలకు పాఠం చెబుతుంటే తలుపు చాటున నిలబడి తనూ నేర్చేసుకుంది. చదువుకున్న పిల్ల మొగుడికి అచ్చిరాదని సంబంధాలన్నీ తప్పిపోయి, చివరికి బిడ్డ ఉన్న ఇంటికి రావలసి వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే ఊళ్ళో పాఠం చెప్పే ముసలాయన కన్నుమూస్తే, తన ఇంటి అరుగు మీదే ఇసుక పోసి బడి పెట్టేసింది. మగవాళ్ళు గొణిగారట గాని, ఇంట్లో అల్లరి తగ్గుతుందని వాళ్ళ ఆడవాళ్ళే పిల్లల్ని తోలారట.

ఊరి పిల్లలంతా ఆమె కనుసన్నల్లో మెలిగేవారు గాని, ఇంట్లో ఉన్న ఈ ఒక్క పిల్ల మాత్రం కొరకరాని కొయ్య. అబ్బో, మా అవ్వ మొండితనం అంతా ఇంతా కాదు! ఆమె చేతి ముద్ద ముట్టదు, ఆమెను ఏమనీ పిలవదు, ఆకలేస్తే పక్కింటి పెద్దమ్మ దగ్గరికి పోయి ఇంత తిని వస్తుంది. పిల్ల చిక్కి సగమైందని తెలిసి, అమావాస్య దాటగానే బండి కట్టుకుని వచ్చి తీసుకుపోతానని తేని నుంచి అమ్మమ్మ కబురు పెట్టింది. మారుతల్లి బిడ్డను సాకలేకపోయిందనే మాట పడితే ఆమె ఇక ఆ ఊళ్ళో తలెత్తుకోలేదు. అంతకు మించి, ఆ మొండిపిల్లంటే ఆమెకు ప్రాణం. అది అవ్వకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

బండి రాకముందే పిల్లను బడిలో కూర్చోబెట్టాలనుకుంది. ఆ రోజుల్లో బిడ్డను బడిలో వేస్తే తల్లి పళ్ళెం నిండా పొట్టుకడల, బెల్లం తెచ్చి పెట్టాలి. పొట్టుకడల అంటే ఆంధ్రలో పుట్నాలపప్పు అంటారే, అదే. అయ్యవారు ముందుగా కొత్తపిల్ల నోట్లో ఇంత పెట్టి, తక్కినది అందరికీ పంచాలి. ఇక్కడ ఇచ్చే తల్లీ, పుచ్చుకునే అయ్యవారూ ఒక్కరే అయిపోయారు గదా! పక్కింటి పెద్దమ్మ తాను పళ్ళెం పడతానంది గాని ఈమె ససేమిరా ఒప్పుకోలేదు. ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో పిల్లను పట్టుకుని, పెరటి గుమ్మంలోంచి బయటపడి, వీధంతా చుట్టి, సొంత ఇంటికే కొత్తగా వచ్చినదానిలా అరుగు ముందు నిలబడి ఖాళీ చాపకు దండం పెట్టింది.

“అయ్యవారమ్మా, మా పాపను మీ చేతిలో పెడతా ఉండాను. కొట్టబాకండి. సరిగా తినేదే లేదు, చూస్తే పావంగా ఉండాది,” అంది. పళ్ళెం అక్కడ దించి, గబగబా అరుగెక్కి చాప మీద కూర్చుని, గొంతు మార్చి, “సరేమ్మా, నువ్వేమీ కవలపడబాక, దిగులే వద్దు. ముందు దాన్ని నోరు తెరవమను!” అంది.

పిల్లలంతా పకపకా నవ్వారు. మొండిపిల్లకూ నవ్వు ఆగలేదు, ఆ నవ్వుకు తెరుచుకున్న నోట్లో బెల్లం కాస్తా పడిపోయింది. నమిలి మింగి, “అమ్మా, ఇంకొంచెం,” అందట మా అవ్వ. ఆ మాట విన్నాక ఆమె ఇక పాఠమే చెప్పలేకపోయింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే పిల్లలందరికీ పంచిందట. తేని బండి రావడమైతే వచ్చింది గాని, అమ్మమ్మ కడుపునిండా భోంచేసి ఉత్త బండితోనే వెళ్ళిపోయింది.

ఆ మారుతల్లికి కడుపు పండలేదు. ఆమె అవ్వకు అక్షరాలు దిద్దించింది, అవ్వ నాకు దిద్దించింది. తమిళ బడిలో చదువుకున్న నాకు తెలుగు చదవడం వచ్చింది అలాగే. ఇప్పుడు మా ఇంట్లో అందరం గలగలా తెలుగు మాట్లాడతాం, చదవగలిగేది మాత్రం నేనొక్కదాన్నే. ఇదంతా రాస్తున్నానని చెబితే మా మనవరాలు, “రాస్తే నాకేం తెలుస్తుంది అవ్వా, వాయిస్‌లో పంపించు,” అంది. పంపించాను, విని పడీపడీ నవ్వింది, మంచి పిల్ల. కాని ఆ తల్లి మాకు ఇచ్చిపోయినవి ఈ అక్షరాలే గదా, అవి నాతోనే ఆగిపోతాయేమోనని దిగులుగా ఉంది.