కత్తెర తగలని సిగ

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది ఒమాన్‌లో, ఇబ్రా పట్టణంలోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్‌గా చేరాను. సర్జన్ చెయ్యి వేసే ముందు ఆ చోటు శుభ్రంగా ఉందని పూచీ పడేది ఇన్‌ఛార్జే. తలకి కుట్లు వెయ్యాలంటే గాయం చుట్టూ జుట్టు మిషన్‌తో గీసెయ్యడం అక్కడి పద్ధతి. ఆ పనిలో నా చేతికి తిరుగు లేదనేవారు. నేనూ కాదనేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం ఇసుక దిబ్బల్లో కారు బోల్తా పడి దెబ్బ తగిలిన జపాన్ మనిషిని తెచ్చారు. స్ట్రెచర్ చాలనంత మనిషి. స్కాన్‌లో లోపల దెబ్బేమీ లేదు. చెవి పైన మాత్రం చర్మం పొడుగ్గా చీలింది. నెత్తిన మైనంతో బిగించిన సిగ ఉంది. థియేటర్ అటెండర్ రాజయ్యది జగిత్యాల. "మిషన్ తేవాల్నా అక్కా?" అన్నాడు. తెమ్మన్నాను.

మిషన్ చూడగానే రోగి రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. వెంట వచ్చిన, మస్కట్‌లో ఉద్యోగం చేసే అతని మిత్రుడు ఇంగ్లీషులో సంగతి చెప్పాడు. ఇతను సుమో మల్లుడు. పోటీలు మానేశాడు కానీ, సుమోలో రిటైర్మెంటు అంతటితో పూర్తికాదు. వచ్చే నెల సుమో బరి మీదే సభ పెడతారు. ఆత్మీయులు ఒక్కొక్కరే వచ్చి సిగలో నాలుగేసి వెంట్రుకలు కత్తిరిస్తారు. చివరి కత్తెర గురువుది. పక్క జుట్టంతా లాగి కడితేనే ఆ సిగ నిలుస్తుంది కాబట్టి, ఒకవైపు గీసేస్తే సభలో కత్తిరించడానికి సిగే ఉండదు.

"ఎంటికల కోసం గిట్ల భయపడుతుండేంది అక్కా" అని రాజయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా చెల్లెళ్ళందరికీ జడలు వేసిన చెయ్యి నాది. జుట్టు తియ్యకుండానే గాయం తేటగా చూపిస్తానని మా ఒమానీ సర్జన్‌తో అన్నాను. ఒక్క వెంట్రుక గాయంలో కనబడినా గీసెయ్యాలని ఆయన షరతు పెట్టారు. సరేనన్నాను.

సిగ తాడు రోగినే విప్పుకోమన్నాను. మైనం ఒక పట్టాన వదల్లేదు. గోరువెచ్చని నీళ్ళతో, షాంపూతో మళ్ళీ మళ్ళీ కడిగాను. గాయం అంచు వెంట పాయ తీసి, జెల్ రాసి, అటూ ఇటూ సన్నటి జడలు అల్లాను. చివర్లు ప్లాస్టర్‌తో అంటించి, మందుతో మరోసారి తుడిచాను. డాక్టర్‌గారు లైటు దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశారు. తరవాత సూది అడిగారు.

మత్తు ఇంజెక్షనుకి చలించని మనిషి, కుట్టు దారం తెంపే కత్తెర చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు. అది దారమేనని ప్రతిసారీ చెప్పాల్సి వచ్చింది.

కుట్లు విప్పిన రోజున మిత్రుడి చేత ఒక మాట చెప్పించాడు. ఆడవాళ్ళు ఆ బరి ఎక్కే ఆచారం లేదట, లేకపోతే నన్నూ పిలిచి కత్తెర ఇచ్చేవాడట. నా వంతు కత్తిరించకపోవడమేనని గర్వంగానే జవాబిచ్చాను. తరవాత సభ ఫొటో వచ్చింది. బరి మధ్య అతను, నెత్తిన నిండు సిగ, వెనక గురువు చేతిలో కత్తెర. "మనం కాపాడిన ఎంటికలే అక్కా" అని రాజయ్య దాన్ని థియేటరంతా తిప్పి చూపించాడు.

ఆనాటి నుంచి తల కుట్ల ట్రేలో మిషన్ పెట్టడం మాన్పించాను. కావలసినవాళ్ళు కారణం చెప్పి తెప్పించుకోవాలి. గాయానికి కావలసింది శుభ్రం, గీయడం మన సౌకర్యం. రోగి ఒంటిమీద నుంచి ఏది తీయాలన్నా, ముందు అది ఎవరు తీయవలసిందో అడగాలి.