కబురు రాకముందే కృతజ్ఞత కూడిక

మా అత్తయ్యకి దేవుడితో మాట్లాడ్డానికి గుడే అక్కర్లేదు. బియ్యంలో రాళ్లేరుతూ, గేదెకి కుడితి కలుపుతూ, "విన్నావా నాయనా" అని మొదలెట్టేది. పక్కింటావిడ మీద ఫిర్యాదులు, పొయ్యి అంటుకోలేదన్న విసుగు, అన్నీ ఆయనకే. బందరు మిషన్ బళ్లో చదువుకుని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాకు ఒళ్లు మండేది. మా పుట్టింట్లో ప్రార్థనంటే ముసుగేసుకుని, మోకాళ్లూని, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడటం. ఈవిడేంటి, దేవుణ్ణి వీధరుగు మీద కూర్చోబెట్టుకున్నట్టు!

అప్పుడు మేం నాగాయలంక రోడ్డు పక్కన ఒక పల్లెలో ఉండేవాళ్లం. మా ఆయన అక్కడి బళ్లో మాస్టారు. ఆయనకి క్షయ పట్టింది. సూదిమందులకి లొంగలేదు. ఊపిరితిత్తిలో చెడిన ముక్క కోసి తీసెయ్యాలన్నారు పెద్దాసుపత్రి డాక్టర్లు. రైల్లో వెళ్లాల్సినంత దూరం. మా మరిది తోడు వెళ్లాడు. నాకేమో నెలలు నిండుతున్నాయి, ఇంట్లోనే ఉండిపోయాను. గురువారం ఆపరేషన్ అని తెలిసింది.

మాలో ఒక పద్ధతుంది. దేవుణ్ణి అడగాల్సింది ఉంటే ఉపవాస ప్రార్థన పెట్టుకుంటాం. అడిగింది దొరికాక కృతజ్ఞత కూడిక: ఇంటి ముందు పందిరి, పాటలు, ఇంటివాళ్లు లేచి దేవుడు చేసిన మేలు చెప్పటం, ఆఖర్న ఫలహారం. ఆదివారం ఆరాధన అవ్వగానే మా అత్తయ్య లేచి, "గురువారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడికండీ, అందరూ రావాలి" అంది.

గుళ్లో గుసగుసలు మొదలయ్యాయి. "అదేంటమ్మా, ఇంకా ఆపరేషనే కాలేదుగా?" అన్నారు పాస్టరు గారు.

"ముందే వందనాలు చెప్పేస్తే కాదనడానికి దేవుడికీ మొహమాటంగా ఉంటుందిగా అయ్యగారూ!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంటిదాకా పోట్లాడుతూనే ఉన్నాను. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ సంబడం! ఆయనకేమన్నా అయితే ఆ పందిరి కిందే..." అత్తయ్య బూరెలకి బియ్యమెంత నానబొయ్యాలో లెక్కేసుకుంటూ నడిచింది.

గురువారం పొద్దున్నుంచీ బూరెలు వండుతూనే ఉంది. సాయంత్రం జనం వచ్చారు, చాపల మీద కూర్చున్నారు, పాటలు పాడారు. అక్కడ ఆయన బతికున్నాడో లేదో ఇక్కడ ఒక్కరికీ తెలీదు. "దేవుడు చేసిన మేలు చెప్పండమ్మా" అన్నారు అయ్యగారు, అలవాటు కొద్దీ. అత్తయ్య లేచింది. రోజంతా వాగే మనిషికి నోరు పెగల్లేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నావైపు చూసింది.

ఎలా లేచానో తెలీదు, నేను లేచాను. ముసుగేసుకోలేదు, కళ్లూ మూసుకోలేదు. "నాయనా" అన్నాను. "మా అత్తయ్య నిన్ను నమ్మి ఇంతమందిని పిలిచింది. నాకు మాత్రం నీమీద పట్టరాని కోపంగా ఉంది. ఆయన్ని నాకిచ్చెయ్యి. ఇవ్వకపోయావా, ఇంక జన్మలో నీతో మాట్లాడను."

ఆ మాట నా చెవిన పడ్డాక నాకే భయమేసింది. "మాట్లాడనన్నాను గానీ ఉండలేను. ఆయన లేకపోతే ఏడవడానికైనా నీ దగ్గరికే రావాలి. ఇంకెవరున్నారు నాకు?" అని భోరుమన్నాను. అయ్యగారు ఆమెన్ అన్నారు. అంతా అన్నారు. చిన్నప్పట్నుంచీ ఎన్ని ప్రార్థనలు చేశానో, నా సొంత మాట దేవుడితో చెప్పుకోవటం మాత్రం అదే మొదలు.

అందరూ బూరెలు తిని వెళ్లారు. వంటింట్లో అత్తయ్య నా పక్కన చతికిలబడింది. "అమ్మాయ్, నమ్మకం ఎక్కువై పిలిచాననుకున్నావా? భయం ఎక్కువై పిలిచానే. ఉపవాస ప్రార్థనంటే ఏడుపు మొహాలేసుకుని వస్తారు. ఇవాళ ఆ మొహాలు చూళ్లేననిపించింది." నేను ఆవిడ ఒళ్లో తల పెట్టుకున్నాను. ఏమీ తోచనప్పుడల్లా ఒకరి తర్వాత ఒకరం "విన్నావా నాయనా" అనుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నాం.

చల్లపల్లిలో తెలిసినవాళ్ల కొట్టుకి ఫోను చేస్తానని చెప్పి వెళ్లాడు మరిది. అక్కణ్ణించి కబురు తేవాల్సింది మొదటి బస్సు కండక్టరు. తెల్లారకుండానే ఇద్దరం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాం. బస్సు ఇంకా ఆగనే లేదు, తలుపు పట్టుకుని వేలాడుతూ కేకేశాడతను: "మాస్టారికి బాగుందంటండోయ్! తెలివొచ్చి మంచినీళ్లడిగారంట!"

నేను రోడ్డు పక్కనే కూలబడిపోయాను. అత్తయ్య స్తోత్రం అని అరవలేదు, చేతులెత్తలేదు. ఆకాశంకేసి చూసి, చంటిపిల్లాడి తల్లితో చెప్పినట్టు మెల్లగా అంది: "రాత్రంతా నువ్వూ కునుకు తీసుండవు నాయనా. ఇంక కాసేపు నడుం వాల్చు."