అచ్చయిన ఆధారం

జగ్గయ్యపేటలో ఎక్కిన పల్లెవెలుగు బస్సులో, కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన నాకు ఫోను చూపించి, "ఇదేంటో కాస్త చూడండి. మళ్ళీ తీసేశారు" అన్నారు. రిటైరైన మాస్టారట.

అది ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో వాళ్ళ ఊరి పేజీ. హైస్కూలు ఫలానా నాయకుడు కట్టించాడని అందులో ఉంది. కాదు, ఇంటికో బండి రాయి తోలి ఊరే కట్టుకుందని మాస్టారు మూడుసార్లు రాశారు. మూడుసార్లూ ఎవరో చెరిపేసి, "అచ్చయిన ఆధారం లేదు" అని కారణం పెట్టారు.

ఆ ఎవరో నేనే. అక్కడ నాది మారుపేరు కాబట్టి ఆయనకు తెలిసే వీల్లేదు.

"నాయకుడి సంగతి పేపర్లో వచ్చింది కదండీ" అన్నాను.

"ఆ పేపరు ఎవరిదండీ?"

ఎవరిదో ఇద్దరికీ తెలుసు. కానీ రూలు రూలే. రోజూ ఇలాంటివెన్నో తీసేస్తుంటాను. ఒక్కొక్కరితో వాదించే ఓపిక ఎప్పుడో పోయింది.

ఆయన కుడిచెయ్యి చాపారు. చూపుడువేలికి గోరు లేదు.

"ఎనిమిదో తరగతి పందిట్లో చదివేవాళ్ళం. బండి మీంచి రాయి దించుతుంటే నలిగిందండి. దీన్ని ఎందులో అచ్చేయించాలో తెలీట్లా."

నందిగామ వచ్చింది. ఆయన సంచీ తీసుకుని లేచారు.

"ఆ తీసేసే ఆయన ఏ ఊరాయనో! తెలిస్తే ఒక్కసారి తీసుకెళ్ళి మా బడి చూపిద్దును."

"ఎక్కడో దూరంగా ఉంటాడులెండి" అన్నాను.

మోకాళ్ళు పక్కకి తిప్పి ఆయనకు దారిచ్చాను.