దోనె నొప్పి

గద్వాలలో మా వీధిలో మగ్గం మీద కూర్చునే ప్రతి మనిషికీ పైకడుపులో నొప్పి ఉంటుంది. ఛాతి ఎముక కింద, బొడ్డుకు పైన, నేసిన చీర చుట్టుకునే దోనె ఆనే చోట. మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి, ఆ కర్రకు పొట్ట ఆనించి రోజంతా నేస్తారు కదా, అందుకని దానికి దోనె నొప్పి అని పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టాక ఇక దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

మా ఆయనకు అది ఎండాకాలంలో మొదలైంది. నేను వంటింట్లో ఉంటాను, మగ్గం పక్కగదిలో. ముఖం చూడకపోయినా, మగ్గం చప్పుడు వింటే చాలు, కోపం మీదున్నాడో ఆకలి మీదున్నాడో చెప్పేస్తాను. ఆ ఎండాకాలం పోగును బిగించి కొట్టే పలక దెబ్బల మధ్య ఖాళీలు రావడం మొదలైంది. ఖాళీ వచ్చిందంటే ఆయన పొట్టలో పిడికిలి పెట్టుకుని ముందుకు వంగి ఉన్నట్టు. నాకు ఆ ఖాళీలంటే భయం పట్టుకుంది.

"ఏందయ్యా, మల్ల ఆపినవ్?"

"ఏం లేదు, దోనె నొప్పి. జర రొట్టె పెట్టు, పోతది."

జొన్నరొట్టె తింటే నిజంగానే పోయేది. కాసేపటికి మళ్ళీ మంటతో వచ్చేది. మానవపాడు నుంచి మా అమ్మ వచ్చి వాము, ఉప్పు నమిలించింది. ఎదురింటి పెద్దాయన పొట్టకు తువ్వాలు బిగించుకోమన్నాడు. మా వీధిలో సలహా ఇవ్వనిది కుక్క ఒక్కటే.

పోరుపెట్టి ఊళ్ళో దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "వేరే గోలీలేమన్న వాడుతున్నవా?" అని అడిగాడు.

"ఏం వాడ సార్. బీపీ లేదు, షుగర్ లేదు" అన్నాడు మా ఆయన గర్వంగా. నేనూ తలూపాను. అబద్ధం చెబుతున్నామని మా ఇద్దరికీ తెలియదు.

డాక్టరు పరగడుపున వేసుకునే మందు రాసి, తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నాడు. ఖాళీలు తగ్గాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. మందు అయిపోయాక నొప్పి తిరిగొచ్చింది గానీ, శ్రావణం పెళ్ళిళ్ళ చీరలు నెత్తిమీదున్నాయని ఆయన కదల్లేదు. ముఖం పాలిపోయింది. గుంటలోంచి లేస్తే ఆయాసం. దొడ్డికి తారులా నల్లగా పోతోందట. ఆ మాట నాతో చెప్పడానికి సిగ్గుపడ్డాడు. కలిసి పిల్లల్ని కన్నాం, ఇది చెప్పడానికి మాత్రం సిగ్గు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఒక పొద్దున నేను పప్పుకు పోపు పెడుతుంటే మగ్గం ఆగింది. మళ్ళీ మొదలవుతుందని చూశాను. మొదలవలేదు. "ఏందయ్యా" అన్నాను. పలకలేదు. వెళ్ళి చూస్తే దోనె మీద బోర్లా పడి ఉన్నాడు. ఒళ్ళంతా చల్లటి చెమట. చీర అంచు మీద చాయ్‌పత్తా లాంటి నల్లటి వాంతి.

కర్నూలు పెద్దదవాఖానలో ముందు గుండె చూశారు. గుండెపోటు కూడా కొందరికి అక్కడే నొప్పిగా వస్తుందట. పిత్తాశయంలో రాళ్ళున్నాయేమోనని స్కానింగ్ తీశారు. రక్తం ఎక్కించి, నోట్లోంచి గొట్టం వేసి చూస్తే లోపల పుండు, దాంట్లోంచి కారుతున్న రక్తం. ఆ గొట్టంలోంచే దాన్ని ఆపారు. బయట బెంచీ మీద నేను ఏడవడం కూడా మర్చిపోయాను.

మర్నాడు డాక్టరమ్మ అడిగింది. "మగ్గం పని అంటున్నావు, నడుము నొయ్యదా?"

"నొస్తదమ్మా. గోలీ ఏసుకుంట."

"రోజూనా?"

"పొద్దుగాల కూసునే ముందు ఒకటి. దోనె నొప్పి లేస్తే ఇంకోటి."

"మరి నిన్న అడిగితే మందులేవీ వాడనన్నావే?"

"గది మందు గాదమ్మా, నడుము గోలీ."

ఆ ఎర్ర గోలీలు మా ఇంట్లో దారం కండెల డబ్బాలోనే ఉండేవి. అవి మగ్గం సామానే, పోగు దూర్చే నాడెలాగా. ఖాళీ కడుపున రోజూ వేసుకున్న ఆ గోలీలే పుండు చేశాయంది ఆమె. ఆ పుండు నొస్తే, దానికీ అదే గోలీ మింగాడు. నల్లగా పోయిన రోజే రావాల్సిందంది. పుండు మానే మందు రాసి, కడుపులో పుండు పెట్టే క్రిమి ఉందేమో పరీక్ష చేయించి, "మళ్ళీ ఆ గోలీ ముట్టుకుంటే ఈసారి నా దాకా రావు" అని చెప్పింది.

ఇంటికి రాగానే ఆ గోలీలు మోరీలో పారేశాను. వీధంతా ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందరూ తలూపారు.

మొన్న మధ్యాహ్నం పక్కింటి మగ్గం ఆగింది. కాసేపటికి ఆ ఇంటాయన, మా ఆయనకు తమ్ముడి వరస, మా గడపలో నిలబడ్డాడు. పిడికిలి ఛాతి కింద ఉంది.

"వదినా, నడుము గోలీ ఒకటుంటే ఇయ్యి. దోనె నొప్పి లేసింది."

"దొడ్డికి నల్లగ పోతుందా?" అన్నాను.

తల పక్కకు తిప్పుకున్నాడు. "గవేం మాటలు వదినా."

చెయ్యి పట్టుకుని దవాఖానకు పోదాం పా అన్నాను. మా ఆయన మంచం మీంచి లేచొచ్చి అతన్ని తిట్టాడు. "పోతనే, ఈ చీర అయినంక" అని మరిది చెయ్యి విడిపించుకుని వీధిలో ఇంకో గడప వైపు వెళ్ళాడు. అక్కడ గోలీ దొరికినట్టుంది. పక్కింటి మగ్గం మళ్ళీ మొదలైంది. పొయ్యి ఆపి, నేనూ మా ఆయనా ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం. దెబ్బల మధ్య ఖాళీలు వస్తున్నాయి.