పప్పు ఉడికే నీళ్లు

ఆదివారం పొద్దున్నే అండాలును గోడకు ఆనించి నిలబెట్టడం ఎల్లస్వామికి అలవాటైంది. "మోకాళ్లు ఆనిచ్చు బిడ్డా" అనేవాడు. తొమ్మిదేళ్ల పిల్ల మోకాళ్లు రెండూ తాకించి నిలబడితే కింద మడమలు కలిసేవి కావు. ఆ ఎడంలో అతను వేళ్లు పెట్టి చూసేవాడు. ఉగాదికి మూడు వేళ్లు పట్టాయి. రోహిణి కార్తె వచ్చేసరికి నాలుగు.

"వారం వారం కొలుస్తవేంది బాపు? నేనేమన్న బట్టనా?" అని నవ్వింది అండాలు. నవ్వితే ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు కనబడ్డాయి.

ఎల్లస్వామి ఎర్రబండగూడెంలో పుట్టి, అదే ఊరికి గ్రామసేవకుడైనవాడు. విత్తనాలు పంచడం, సున్నం చల్లించడం, బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిన కాగితాలు చదివి చెప్పడం అతని పని. ఆ ఊళ్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని చదవగలిగింది అతనొక్కడే.

వెనకటికి ఊరందరికీ దిగుడు బావే ఆధారం. మెట్లు దిగి మోకాటి లోతు నీళ్లలో నిలబడి ముంచుకునేవాళ్లు. ఆ నీళ్లతో ఒంట్లోకి చేరే పురుగు వల్ల నారికురుపు లేని ఇల్లు లేదు. నాట్ల రోజుల్లో మగవాళ్లు కాలు చాపుకుని అరుగుల మీద పడి ఉండేవాళ్లు. పక్కింటి కురుమయ్య రెండేళ్లు వరసగా మడి దున్నలేకపోయాడు. మడమలోంచి బయటికొచ్చిన పురుగును పుల్లకు చుట్టుకుంటూ, రోజుకింత లాక్కుంటూ ఏడ్చేవాడు.

యాభై ఏడులో ఊరికి కొత్త బావి మంజూరైంది. అరవై అడుగులు తవ్వి, చుట్టూ గోడ కట్టి, గిలక బిగించారు. ఆ నీళ్లు సీసాలో పట్టి, లక్క వేసి, ఎల్లస్వామే హైదరాబాదు బస్సెక్కి పరీక్షకు ఇచ్చి వచ్చాడు. మూడు నెలలకు కాగితం వచ్చింది. అందులో రెండు గళ్లు ఉన్నాయి. పై గడిలో 'క్లీన్' అని రాసి సంతకం పెట్టారు. కింది గడిలో ఏమీ రాయలేదు. ఖాళీగా వదిలారంటే తప్పేమీ దొరకలేదని అర్థం చేసుకున్నాడు ఎల్లస్వామి.

చావడి ముందర ఆ కాగితం చదివాడు.

"క్లీన్ అంటె?" అన్నాడు కురుమయ్య.

"మంచినీళ్లని. ఫికర్ లేకుండ తాగొచ్చు."

వెనక కూర్చున్న ముసలి గుర్వమ్మ మూతి తిప్పింది. "కాయితం నీళ్లు తాగిందా బిడ్డా? పప్పు చెప్తది ఆగు."

కొత్త బావి పడితే ఆ ఊళ్లో మొదట కందిపప్పు ఉడికించి చూస్తారు. పప్పు మెత్తబడితే మంచినీళ్లు, పలుకు మిగిలితే ఉప్పునీళ్లు. తాతల నాటి నుంచీ అదే పరీక్ష. గుర్వమ్మ బావి పక్కనే మూడు రాళ్లు పెట్టి కుండ ఎక్కించింది. అందరూ చుట్టూ చేరారు. రోజూ పట్టే సమయంలో సగం కూడా పట్టలేదు. కుండ దింపి గరిటెతో తిప్పితే పప్పు వెన్నలా జారింది.

"ఓసినీ! గిసొంటి నీళ్లు నా జల్మల సూడలే" అన్నది గుర్వమ్మ.

ఆ తర్వాత కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు. దసరాకు ఎల్లస్వామి దగ్గరుండి దిగుడు బావిని బండరాళ్లతో పూడ్పించాడు. మొదటి రాయి కురుమయ్య వేశాడు. మరుసటేడు ఊళ్లో నారికురుపు ఒక్కటంటే ఒక్కటి లేదు.

బావి పడ్డ ఏడాదే అండాలు పుట్టింది. అంతకుముందు పుట్టిన ఇద్దరూ విరేచనాలతో పోయారు. అందుకే ఎల్లస్వామి ఆ పిల్ల నీళ్ల విషయంలో ఎవరినీ నమ్మలేదు. భార్య యాదలక్ష్మితో వేరే కుండ పెట్టించాడు. నీళ్లు సగమయ్యేదాకా కాగబెట్టి, బట్టలో వడగట్టి, అవే పిల్లకు తాగించాలి. యాదలక్ష్మి తొమ్మిదేళ్లు ఒక్క పూట తప్పకుండా ఆ పని చేసింది.

వేళ్లు నాలుగైన వారం అండాలును నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడు. పిల్లను నడిపించి చూశాడు, పళ్లు చూశాడు.

"ఏ నీళ్లు తాగుతారయ్యా మీ ఊళ్లో?"

ఎల్లస్వామి సంచిలోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగినా అక్షరాలు పోలేదు. "పరీక్ష చేయించినం సార్. క్లీన్ అని రాసిన్రు."

డాక్టరు రెండు గళ్లూ చదివాడు. "క్లీన్ అన్నారు. సేఫ్ అనలేదు."

"రెండూ ఒకటే గద సార్?"

"కాదయ్యా. క్లీన్ అంటే మురుగు కలవలేదు, పురుగులు లేవు అని. సేఫ్ అంటే తాగినవాడికి చెడు చేయవు అని. పురుగుల కోసమే చూశారు వాళ్లు. రెండో గడి చూడు, నీళ్లలో ఏమేం కరిగి ఉందో అసలు చూడనేలేదు. మీ రాళ్లలోంచి ఫ్లోరైడు దిగుతుంది. కంటికి కనిపించదు. ఎముకల్లో చేరుతుంది."

"పప్పు గుడ మంచిగ ఉడుకుతది సార్" అన్నాడు ఎల్లస్వామి, అదొక సాక్ష్యమన్నట్టు.

"సున్నం తక్కువుంటే పప్పు ఉడుకుతుంది. సున్నం తక్కువున్న చోటే ఈ ఫ్లోరైడు ఎక్కువ కరుగుతుంది."

"మేం కాగబెట్టే పోస్తున్నం. సగమయ్యేదాక."

డాక్టరు అతని ముఖం చూసి తల దించుకున్నాడు. "కాగితే నీరు పోతుంది. ఫ్లోరైడంతా మిగిలిన సగంలోనే ఉంటుంది."

కాళ్లు మళ్లీ చక్కబడతాయా అని అడిగితే, ఇంకా వంగకుండా ఆగవచ్చేమో, నీళ్లు మార్చమన్నాడు.

ఇంటికి వచ్చేసరికి యాదలక్ష్మి పొయ్యి మీద పిల్ల నీళ్ల కుండ పెట్టి ఉంది. ఎల్లస్వామి కుండ దింపాడు. "ఇగ కాగబెట్టకు. కట్టెలు దండుగ." అంతకన్నా చెప్పలేకపోయాడు.

ఊళ్లోవాళ్లకు మాత్రం చెప్పక తప్పలేదు. చావడి దగ్గర విని కురుమయ్య లేచాడు. "గా దినం మంచినీళ్లన్నది నువ్వే. పాత బాయి పూడ్పిచ్చింది నువ్వే. ఇప్పుడు తాగొద్దంటవ్. ఏం తాగాలె, నీ కాయితం పిండుకోని తాగాలెనా?"

"పిల్లగాండ్ల పళ్లు సూడు కురుమన్నా. మన గుర్వమ్మవ్వ మెడ తిరుగుతలేదు, సూస్తలేవా?"

"నా మెడ వయసుకు పట్టుకున్నది తియ్యి" అన్నది గుర్వమ్మ. ఆ మాట చెప్పడానికి ఒళ్లంతా అతని వైపు తిప్పింది.

"నాకు నారిపురుగు వద్దు, అంతే. పప్పు ఉడుకుతాంది, నేను దున్నుకుంటున్న" అని కురుమయ్య వెళ్లిపోయాడు. అతని ఇద్దరు పిల్లలూ గిలక దగ్గర దోసిళ్లు పట్టి తాగుతున్నారు.

నాలుగు మైళ్ల అవతల వాగు ఇసుకలో నీళ్లూరే చెలిమ ఉంది. ఎల్లస్వామి తెల్లవారక ముందే సైకిలుకు రెండు బిందెలు కట్టుకుని పోయేవాడు. దారి గతుకులకు సగం ఒలికిపోయేవి. ఆ నీళ్లలో పప్పు ఎంతసేపున్నా పలుకు పలుకుగానే ఉండేది. యాదలక్ష్మి విసుక్కునేది. అతను మాత్రం ఆ పలుకులు నమలుతూ, ఇది మంచి గుర్తేమోనని ఆశపడేవాడు.

ఆశతో కుదరదని ఆ నీళ్లూ సీసాలో పట్టి హైదరాబాదు పంపాడు. ఇంగ్లీషులో తనకు వచ్చినట్టు రాశాడు: ఫ్లోరైడు చూడండి, సేఫ్ అవునో కాదో చెప్పండి. సేఫ్ అన్న మాట కింద రెండు గీతలు గీశాడు.

జవాబు దసరా దాటాక వచ్చింది. అదే అచ్చు కాగితం. పై గడిలో 'క్లీన్'. కింది గడి ఖాళీ.

గోడ మీంచి కురుమయ్య తొంగిచూశాడు. "ఏమన్నరు? మంచినీళ్లేనా?"

ఎల్లస్వామి కాగితం మడతపెట్టాడు. "మురుగు లేదన్నరు."

"గంతేనా? గది మన బాయికి గుడ అన్నరు గద."

ఆ ఆదివారం అండాలు పిలవకుండానే వచ్చి గోడకు ఆనుకుంది. ఎల్లస్వామి కింద కూర్చుని మడమల మధ్య వేళ్లు పెట్టాడు. అయిదు పట్టాయి. ఇంకా కొంచెం సందు మిగిలింది.

"ఎన్ని బాపు?"

"నాలుగే. గట్లనే ఉన్నయ్."

"నీ ఏళ్లు లావుగున్నయ్, గందుకే తక్కువొస్తున్నయ్" అన్నది అండాలు. "నేను నిన్ననే పెట్టుకోని సూసిన. నా ఏళ్లకైతె ఎనిమిది."