అంబాదాస్ పాడిన గురువారం

ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ మోతలో చద్దర్లు నేసి అంబాదాస్ చెవులు పోగొట్టుకున్నాడు. ఆపరేషన్ చేయించి చెవిలో యంత్రం పెట్టించుకున్నాక మాటలు వినబడ్డాయి. తానుండే జోడ్‌భావి పేట్‌లో ప్రతి గురువారం జరిగే భజనలో మళ్లీ ముందుండి పాడాలన్నదే అతని ఆశ.

ఆ గురువారం అలవాటుగా కళ్లు మూసుకుని పాడాడు. హార్మోనియం పేటీ రేకుడబ్బా గీకినట్టు వినబడినా ఆపలేదు. అందరూ "దేవుని దయ" అంటూ చప్పట్లు కొట్టారు. డాక్టరు ఎవరికీ గుర్తురాలేదు.

ఇంటికొచ్చి భార్య చంద్రభాగను అడిగాడు. "ఎట్ల పాడిన? నిజం చెప్పు."

"పేటీ సుతి ఒక దిక్కు, నీ గొంతొక దిక్కు. కండ్లు తెరిస్తే అందరి మొకాలు కనబడుతుండె."

"మరి చప్పట్లెందుకు?"

"పాపమని."

మరుసటి గురువారం అతను తాళాలు అందుకున్నాడు. చెవిలోని యంత్రం రాగాన్ని పట్టదు; తాళం దెబ్బ ఒక్కటే అతనికి సరిగ్గా వినబడుతుంది. "పాట మీరే పాడుండ్రి" అన్నాడు.

"నువ్వే పాడు కాకా" అని ఒక్కరైనా అంటారేమోనని కాసేపు ఆగాడు. ఎవరూ అనలేదు.